నోడ్ సర్వర్‌ను లైవ్‌లో పెట్టే ముందు జాగ్రత్తలు

సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌జేఎస్‌లో మీ కోడ్ అంతా ఒకే థ్రెడ్ (పనులు ఒకదాని తర్వాత ఒకటి జరిగే వరుస) మీద నడుస్తుంది. ఒక రిక్వెస్టు 300 మిల్లీసెకన్లు లెక్కలు చేస్తే మిగతావాళ్లంతా అంతసేపూ ఆగాల్సిందే. పీహెచ్‌పీలో సాధారణంగా ఒక్కో రిక్వెస్టు విడిగా నడుస్తుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

• రిక్వెస్టు హ్యాండ్లర్లలో (రిక్వెస్టుకు జవాబిచ్చే ఫంక్షన్లలో) పేరు చివర ‘సింక్’ ఉన్న, అంటే పని అయ్యేదాకా థ్రెడ్‌ను ఆపేసే ఫంక్షన్లన్నీ వెతికి తీసేయండి. రీడ్‌ఫైల్‌సింక్‌ను సర్వర్ మొదలయ్యేటప్పుడు వాడితే ఫర్వాలేదు. పెద్ద జేసన్ డేటాను పార్స్ చేసినా థ్రెడ్ ఆగుతుంది, అందుకే రిక్వెస్టు బాడీ సైజుకు పరిమితి పెట్టండి. ఫంక్షన్ ముందు ‘అసింక్’ అని రాసినంత మాత్రాన లెక్కల భారం తగ్గదు; చాలామంది పొరబడేది ఇక్కడే. బరువైన లెక్కలను వర్కర్ థ్రెడ్‌కు (విడిగా నడిచే మరో థ్రెడ్‌కు) అప్పగించండి.

• ఫైలు పనులు, స్క్రిప్ట్ (scrypt) పద్ధతిలో పాస్‌వర్డ్ హ్యాషింగ్ నోడ్ లోపలి లిబ్‌యూవీ లైబ్రరీ థ్రెడ్ పూల్‌లో జరుగుతాయి. అందులో డిఫాల్ట్‌గా ఉండేవి 4 థ్రెడ్లే. లాగిన్లు ఒక్కసారిగా పెరిగితే ఫైళ్లు చదవడం కూడా నెమ్మదిస్తుంది.

• స్ట్రీమ్ (ముక్కలుగా పారే డేటా), సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) ఏదైనా సరే, ‘ఎర్రర్’ ఈవెంటుకు లిజనర్ (ఆ ఈవెంటు వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) ఉందా? లేకపోతే ఒక్క కనెక్షన్ తెగినా ప్రాసెస్ మొత్తం కూలిపోవచ్చు. పట్టుకోని ప్రామిస్ రిజెక్షన్ (అసింక్ పని విఫలమైతే వచ్చే ఎర్రర్) కూడా నోడ్ 15వ వెర్షన్ నుంచి అంతే. స్ట్రీములను పైప్‌తో కాక పైప్‌లైన్‌తో కలపండి. తప్పు జరిగితే అన్నిటినీ అదే మూసేస్తుంది.

• ఒకే ఈవెంటుకు లిజనర్లు 10 దాటితే హెచ్చరిక వస్తుంది. దయచేసి పరిమితి పెంచి దాన్ని దాచేయకండి. రిక్వెస్టు వచ్చిన ప్రతిసారీ ఎక్కడో లిజనర్ తగిలించి తీయడం లేదేమో, ముందు అది వెతకండి.

• సిగ్‌టర్మ్ (ప్రాసెస్‌ను ఆగమని చెప్పే సిగ్నల్) రాగానే సర్వర్ క్లోజ్ పిలవండి, చేతిలో ఉన్న రిక్వెస్టులు పూర్తయ్యాకే డేటాబేస్ కనెక్షన్లు మూయండి.