కారు ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

ఏసీ కూలింగ్ తగ్గగానే అందరి నోటా వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయినట్టుంది". పెట్రోల్ లాగా మండి ఖర్చయిపోవడానికి అదేం ఇంధనం కాదు. మూసి ఉన్న పైపుల్లో ఒకే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి, కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) షాఫ్ట్ సీల్ దగ్గర్నుంచి ఏడాదికి కొద్దికొద్దిగా పోవడం మామూలే, దాని సంగతి వేరు. ఏడాదికోసారి గ్యాస్ కొట్టాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీక్ ఉన్నట్టే. అసలు గ్యాస్ తగ్గిందో లేదో తేల్చుకోకుండా డబ్బా తగిలిస్తే బాగున్న కంప్రెసర్‌ని కూడా పాడుచేసుకుంటాం.

ముందు బోనెట్ ఎత్తి స్టిక్కర్ చదవండి. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో దాని మీదే ఉంటుంది. పాత కార్లలో ఎక్కువగా ఆర్-134ఏ, కొత్తవాటిలో చాలావరకు ఆర్-1234వైఎఫ్. రెండో దానికి కొద్దిగా మండే గుణం ఉంది. ఒకదాని గొట్టం ఇంకోదానికి ఎక్కకూడదనే వాటి పోర్టులు (గ్యాస్ ఎక్కించే చోట్లు) వేరుగా చేశారు, అడాప్టర్ పెట్టి ఒకదానిలో ఇంకోటి కలపొద్దు. వంటగ్యాస్ లాంటివి ఎక్కించే పని అస్సలు వద్దు, లీకైతే అది క్యాబిన్‌లోకే వస్తుంది. కారు హైబ్రిడ్ గానీ ఎలక్ట్రిక్ గానీ అయితే ఈ పని ఇంట్లో పెట్టుకోకండి. వాటి కంప్రెసర్ హై వోల్టేజీ మీద నడుస్తుంది, అందులో పోసే ఆయిల్ కూడా వేరు.

గాలే తక్కువగా వస్తోంది

ఇది చాలావరకు గ్యాస్ సమస్య కాదు. క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, దుమ్ముతో అట్టలా గట్టిపడిపోయి ఉంటుంది. మార్చండి, చాలు.

గాలి బాగానే ఉంది, చల్లదనం మాత్రం అస్సలు లేదు

ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ బటన్ వేరే వాళ్లని నొక్కమని చెప్పి, మీరు కంప్రెసర్ పుల్లీ వైపు చూడండి (చేతులూ, వదులు బట్టలూ బెల్టుకి దూరంగా). "టక్" మని చిన్న శబ్దం వచ్చి, పుల్లీ ముందున్న ప్లేట్ కూడా దానితోపాటు తిరగాలి. పుల్లీ తిరుగుతూ ప్లేట్ కదలకుండా ఉంటే క్లచ్ (కంప్రెసర్‌ని పుల్లీకి కలిపే భాగం) పట్టుకోలేదు. అప్పుడు ముందు ఫ్యూజ్ చూడండి, తర్వాత పక్కనే అదే రకం రిలే (కరెంటు ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్) ఉంటే దాన్ని మార్చి పెట్టి చూడండి. ఈ రెండూ బాగుంటే గ్యాస్ మరీ తక్కువై, ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తూ ఉండొచ్చు. కొన్ని కార్లలో క్లచ్ ఉండదు, కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, ప్రెజర్ గేజ్ పెట్టాల్సిందే.

ఇంజిన్ ఆపి, వేడంతా చల్లారాక గేజ్ పెడితే వచ్చే రీడింగ్‌ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆర్-134ఏ అయితే 25 డిగ్రీల దగ్గర సుమారు 80 పీఎస్ఐ, 35 డిగ్రీల దగ్గర సుమారు 114 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల కాస్త ద్రవం మిగిలున్నంతవరకు, సగం గ్యాస్ ఉన్నా నిండుగా ఉన్నా అదే అంకె. అంటే అది గ్యాస్ ఉందని చెబుతుంది గానీ ఎంతుందో చెప్పదు. ఆ వేడిలో 20, 30 మాత్రమే చూపిస్తే ఇక ద్రవం మిగల్లేదనే అర్థం. అలాంటప్పుడు టాప్ అప్ చేసి లాభం లేదు, లీక్ పట్టుకుని, వ్యాక్యూమ్ చేసి (పంపుతో లోపలి గాలీ, తేమా లాగేసి), మొదట్నుంచీ నింపాలి.

క్లచ్ కొన్ని సెకన్లకోసారి పడుతూ వదులుతూ ఉంది

గ్యాస్ తగ్గిందనడానికి ఇది ముఖ్యమైన గుర్తు. కంప్రెసర్ తిరగగానే లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) ప్రెజర్ గబగబా పడిపోతుంది, స్విచ్ ఆపేస్తుంది, ప్రెజర్ మళ్లీ పైకి రాగానే మళ్లీ పడుతుంది. ఇంజిన్ నడుస్తూ ఏసీ బాగున్నప్పుడు ఆర్-134ఏలో లో సైడ్ మామూలుగా 25 - 45 పీఎస్ఐ మధ్య, హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి పోయే వైపు) బయటి వేడిని బట్టి 150 - 250 మధ్య ఉంటుంది. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ, లేదా ఎక్కడో అడ్డం పడింది. లో సైడ్ ఎక్కువా హై సైడ్ తక్కువా ఉంటే చాలావరకు కంప్రెసర్ అరిగిపోయినట్టు, దానికి గ్యాస్ మందు కాదు.

రోడ్డు మీద చల్లగా ఉంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. గ్యాస్ తక్కువనుకుని డబ్బా ఎక్కించాను, కూలింగ్ ఇంకా తగ్గింది. అసలు సంగతేంటంటే రేడియేటర్ ముందుండే కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ తిరగట్లేదు. కారు కదులుతుంటే ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే వేడి పోయే దారి ఉండదు. హై సైడ్ ప్రెజర్ పెరిగిపోతుంది, దాని మీద ఇంకా గ్యాస్ పోస్తే మంటలో నెయ్యి పోసినట్టే.

దీన్ని తేల్చడానికి గేజ్ కూడా అక్కర్లేదు. ఏసీ వేసి కారు ఆపి ఉంచి, గ్రిల్ లోంచి కండెన్సర్ మీద నీళ్లు సన్నగా చల్లండి. ఒకటి రెండు నిమిషాల్లో లోపల గాలి చల్లబడితే గ్యాస్ జోలికి పోకండి. ఫ్యాన్ మోటారు, దాని రిలే చూడండి, కండెన్సర్ సందుల్లో ఇరుక్కున్న పురుగులు, మట్టి కడగండి. ప్రెజర్ వాషర్ వద్దు, ఆ పలచటి రెక్కలు వంగిపోతాయి. కడిగి, ఫ్యాన్ తిరిగినా రెండు ప్రెజర్లూ ఎక్కువే ఉంటే ఎవరో గ్యాస్ ఎక్కువ నింపారు, లేదా లోపల గాలి చేరింది.

అరగంట బాగా ఉండి తర్వాత తగ్గిపోతోంది, కాసేపు ఆపితే మళ్లీ వస్తోంది

గాలి వేగం కూడా తగ్గుతుంటే కూలింగ్ కాయిల్ మీద ఐస్ కడుతోంది. గాలి అలాగే ఉండి చల్లదనం ఒక్కటే పోతుంటే లోపలి తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నటి దారిలోంచి కూలింగ్ కాయిల్‌లోకి వదిలేది) దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తూ ఉండొచ్చు. వ్యాక్యూమ్ చేయకుండా గ్యాస్ నింపిన కార్లలో ఇది బాగా కనిపిస్తుంది.

గ్యాస్ తగ్గిందని తేలింది, లీక్ ఎక్కడ?

గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకైన చోట ఆయిల్ బయటికొచ్చి దుమ్ము పట్టుకుంటుంది. పైపుల జాయింట్లు, కండెన్సర్ కింది అంచు, కంప్రెసర్ ముందు భాగం టార్చ్ వేసి చూడండి. చుట్టూ పొడి దుమ్ము ఉండి ఒక్కచోట మాత్రం నల్లగా జిడ్డుగా, వేలికి అంటుకునేలా ఉంటే అక్కడే అనుమానించాలి. సర్వీస్ పోర్ట్ మూతలు తీసి లోపలి వాల్వ్ మీద చుక్క సబ్బు నీళ్లు వేసి ఒక నిమిషం ఓపిగ్గా చూడండి. బుడగ వెంటనే రాదు, ఆవగింజంత మొదలై నెమ్మదిగా ఉబ్బుతుంది. నాకు రెండుసార్లు దొరికిన లీక్ అక్కడే, చిన్న వాల్వ్ పిన్ మారిస్తే సరిపోయింది, కాకపోతే ముందు లోపలి గ్యాస్ మెషీన్‌తో తీయించాలి. బయటేం కనబడకపోతే యూవీ డై (యూవీ లైటులో మెరిసే రంగు) వేసి కొన్ని రోజులు నడిపి చూడాలి. లీక్ మూసేస్తామని చెప్పే స్టాప్ లీక్ డబ్బాలు మాత్రం వాడకండి, అవి లోపల గట్టిపడి వాల్వ్‌నీ, తర్వాత గ్యాస్ తీసే మెషీన్‌నీ కూడా పాడుచేస్తాయి.

ఇక నింపడం

కళ్లజోడు, గ్లవ్స్ తప్పనిసరి. ఆర్-134ఏ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మం మీద పడితే అక్కడికక్కడే గడ్డకట్టిస్తుంది. ఆరుబయట చేయండి, దగ్గర్లో మంట ఉండొద్దు, మంట తగిలితే ఈ గ్యాస్ విషవాయువుగా మారుతుంది.

పైపులు విప్పి ఉంటే ముందు వ్యాక్యూమ్ పంప్ కనీసం అరగంట నడపాలి, లోపలి తేమ ఆవిరై పోయేది అప్పుడే. తర్వాత వాల్వ్ మూసి పంప్ ఆపి ఇంకో అరగంట గేజ్ ముల్లు చూడండి, కదిలిందంటే లీక్ ఇంకా ఉంది.

డబ్బా తగిలించేది లో సైడ్‌కే. లావు పైపు మీద, మూత మీద 'ఎల్' అక్షరం ఉంటుంది. హై సైడ్‌కి తగిలిస్తే కారులోని ప్రెజర్ వెనక్కి తన్ని డబ్బా పేలిపోవచ్చు. డబ్బాని చిన్న త్రాసు మీద తూచి, నిలువుగానే పట్టుకోండి. తలకిందులు చేస్తే త్వరగా ఎక్కుతుంది నిజమే, కానీ ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోయి దాన్ని విరగ్గొడుతుంది. వ్యాక్యూమ్ చేసిన సిస్టమ్‌లోకి ఇంజిన్ ఆపి ఉండగానే గ్యాస్ వదలండి. ఎక్కడం ఆగాక స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్‌లో, తలుపులు తీసి ఉంచి మిగతాది కొద్దికొద్దిగా ఎక్కించండి. డబ్బా చల్లబడి ఎక్కకపోతే గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, మరిగే నీళ్లలో కాదు.

ఎక్కడ ఆపాలి? స్టిక్కర్ మీదున్న గ్రాముల దగ్గర. చిన్న కార్లలో చాలావాటికి పట్టేదే 400 - 600 గ్రాములు, 50 గ్రాములు ఎక్కువైనా తేడా తెలుస్తుంది. డబ్బా గేజ్ మీది పచ్చరంగు గీతని నమ్మొద్దు. టాప్ అప్‌కి ఇదే చిక్కు, లోపల ఎంత మిగిలుందో తెలియదు కదా. అందుకే చేయక తప్పకపోతే కొద్దిగా ఎక్కించి అయిదు నిమిషాలు ఆగి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టి చూస్తూ పోండి. అంతకంటే మంచి దారి, ఉన్న గ్యాస్ మెషీన్‌తో తీయించి తూచి నింపడం. గాల్లోకి మాత్రం వదలొద్దు. వేడిని పట్టి ఉంచడంలో ఆర్-134ఏ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైనే, చాలా దేశాల్లో అలా వదలడం నేరం కూడా.

అయ్యాక గొట్టం తీసి పోర్ట్ మీద మళ్లీ సబ్బు నీళ్లు వేసి చూడండి. బుడగ రాకపోతే తుడిచి, మూతలో రబ్బరు రింగ్ ఉందో లేదో చూసి బిగించండి. ఆ రోజు తారీఖు, ఎన్ని గ్రాములు ఎక్కిందో కాగితం మీద రాసి బోనెట్ లోపల అంటించుకుంటే, కూలింగ్ మళ్లీ ఎప్పుడు తగ్గినా లీక్ ఎంత వేగంగా ఉందో లెక్క తేలిగ్గా తెలుస్తుంది.