చంటిపిల్లలతో థీమ్ పార్కుకు వెళ్లేటప్పుడు

థీమ్ పార్కు టికెట్టు ఖరీదైనది కాబట్టి, గేటు తీసింది మొదలు మూసేదాకా లోపలే ఉండి వీలైనన్ని రైడ్లు ఎక్కాలని పెద్దవాళ్లకు అనిపించడం సహజం. ఏడాదిన్నర మొదలు ఐదారేళ్ల దాకా వయసున్న పిల్లలు వెంట ఉన్నప్పుడు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. పిల్లలు ఏ వేళకు నిద్రపోతారు, ఏ వేళకు ఆకలంటారు, ఎంతసేపు కుదురుగా నిలబడగలరు అన్నవి ముందు చూసుకుని, వాటి మధ్య మిగిలిన సమయంలో రైడ్లను ఇమిడ్చుకోవాలి. రోజు మొత్తం మీద నాలుగైదు రైడ్లు, ఒక ప్రదర్శన, కాసేపు నీళ్లలోనో ఇసుకలోనో ఆట దొరికితే ఆ వయసుకు అది నిండైన రోజు.

పార్కును ఎంచుకునేటప్పుడు దాని పేరుప్రతిష్ఠల కన్నా అందులో మీ పిల్లల ఎత్తుకు పనికొచ్చేవి ఎన్ని ఉన్నాయో చూడాలి. డెన్మార్క్‌లోని బిలుండ్‌లో 1968లో మొదలైన లెగోలాండ్ వంటి పార్కులు ప్రధానంగా 2 నుంచి 12 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. రోలర్ కోస్టర్లకు పేరుపడ్డ చోట్ల చిన్నపిల్లల విభాగం ఒక మూలకే పరిమితమై ఉండవచ్చు. కుటుంబాల కోసం కట్టిన కోస్టర్లకు సాధారణంగా 100 సెంటీమీటర్లకు అటూ ఇటూగా, పెద్ద కోస్టర్లకు 120 నుంచి 140 సెంటీమీటర్ల దాకా కనీస ఎత్తు ఉండాలంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం మూడేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు, ఐదేళ్ల వారిది సుమారు 110. అంటే ఈ వయసు పిల్లలు చాలా రైడ్లకు గీత దగ్గరే ఆగిపోతారు. బయలుదేరే ముందే పిల్లలను ఇంట్లో గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచి, పార్కు వెబ్‌సైట్‌లోని జాబితాతో సరిచూసుకుని, ఎక్కగలిగినవి ఏవో, పెద్దయ్యాక ఎక్కవలసినవి ఏవో వాళ్లకు చెప్పి ఉంచితే క్యూ చివర కన్నీళ్లు తప్పుతాయి. ఎత్తు మడమల చెప్పులు తొడిగి సిబ్బందిని ఏమార్చే తల్లిదండ్రులు కొందరు ఉంటారు. ఆ కొలత పెట్టింది ఒడిమీదకు దిగే కడ్డీ, భుజాల మీద బిగిసే పట్టీ పిల్లవాడి శరీరాన్ని సరిగ్గా పట్టి ఉంచడానికే కనుక, అక్కడ చేసే మోసం సిబ్బందికి కాదు, పిల్లవాడికే జరుగుతుంది.

టికెట్టు కొనే ముందు వయసు నిబంధనలు కూడా చదవాలి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. కొన్ని పార్కులు వయసును కాక ఎత్తును బట్టి వసూలు చేస్తాయి.

పార్కుకు గేట్లు తీయడానికి కాస్త ముందే చేరుకోవడం మంచిది. మొదటి గంటలో పెద్దవాళ్లు, కుర్రకారు పెద్ద కోస్టర్ల వైపు పరుగెత్తుతారు. అప్పుడు ఖాళీగా ఉండే పిల్లల రైడ్లను ముందు ముగించుకోవాలి. చిన్న విమానాలు, చిన్న కార్లు గుండ్రంగా తిరిగే రైడ్లలో ఒక్కో విడతకు ఎక్కేవాళ్లు తక్కువ, ఎక్కించి దించడానికి పట్టే సమయం ఎక్కువ. అందువల్ల జనం పెద్దగా లేనట్టు కనిపించే మధ్యాహ్నం వేళ కూడా వాటి దగ్గర క్యూ చాంతాడంత పెరిగి, నత్తనడక నడుస్తుంది. ఊరేగింపో ప్రదర్శనో సాగే సమయంలో ఆ క్యూలు మళ్లీ తగ్గుతాయి. ఊరేగింపు చూడాలనుకుంటే మాత్రం డప్పులు, లౌడ్‌స్పీకర్లు పక్కనే ఉండని చోటు వెతుక్కోవాలి. చెవులకు పెట్టే పిల్లల ఇయర్‌మఫ్‌లు సంచిలో ఉంటే ఇక్కడ, బాణసంచా దగ్గర పనికొస్తాయి.

మధ్యాహ్నపు కునుకును తేలిగ్గా తీసుకోకూడదు. ఏడాది, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వారికి 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. బస దగ్గరలో ఉంటే ఎండ ముదిరే వేళకు బయటికి వెళ్లి, పిల్లలను పడుకోబెట్టి, సాయంత్రం తిరిగి రావడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. మళ్లీ లోపలికి రానిస్తారో లేదో, చేతిపట్టీ వేయించుకోవాలో ముద్ర కొట్టించుకోవాలో బయటికి వెళ్లేటప్పుడే గేటు దగ్గర అడగాలి. అలా వీలుకాకపోతే ఏసీ ఉన్న నిదానమైన ప్రదర్శనశాలలోనో, శిశు సంరక్షణ గదిలోనో, నీడలో ఆపిన స్ట్రోలర్‌లోనో (పిల్లలను కూర్చోబెట్టి తోసే బండి) గంటసేపు నిద్రపుచ్చవచ్చు. ఎండ పడకుండా స్ట్రోలర్‌ను మందపాటి గుడ్డతో పూర్తిగా కప్పేస్తే గాలి ఆడక లోపల వేడి వేగంగా పెరుగుతుంది. పైకప్పు లాగి, ముందుభాగం తెరిచే ఉంచాలి. నడవగలిగే పిల్లలైనా స్ట్రోలర్ తీసుకెళ్లడమే నయం. మూడేళ్ల వాళ్లు ఉదయం వద్దన్నా మధ్యాహ్నానికి అందులోనే ఉంటారు.

పెద్ద రైడ్ ఎక్కాలనుకునే తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు రెండుసార్లు క్యూలో నిలబడనక్కర్లేదు. చాలా పార్కుల్లో ఒకరు ఎక్కివచ్చేదాకా మరొకరు పిల్లవాడితో ఉండి, తర్వాత మళ్లీ క్యూ కట్టకుండానే ఎక్కే సౌకర్యం ఉంది. డిస్నీ పార్కుల్లో దీన్ని రైడర్ స్విచ్ అనీ, మరికొన్ని చోట్ల చైల్డ్ స్వాప్ అనీ అంటారు. ఈ సంగతిని క్యూలోకి అడుగుపెట్టక ముందే అక్కడి సిబ్బందికి చెప్పాలి.

భయం విషయంలో పెద్దవాళ్ల అంచనాలు తరచూ తప్పుతాయి. గాలిలో ఊగే రైడ్‌లో కేరింతలు కొట్టిన పిల్లే, మెల్లగా సాగే పడవ చీకటి గుహలోకి మళ్లగానే గుక్కపట్టి ఏడవవచ్చు. రైడ్ వీడియో ఉంటే ముందురోజు చూపించి, చీకటి ఎక్కడ వస్తుందో, శబ్దం ఎక్కడ వస్తుందో చెప్పాలి. కార్టూన్ వేషాలు వేసుకున్నవాళ్ల సంగతి మరీ ప్రత్యేకం. తెరమీద అరచేతంత కనిపించిన ఎలుక ఆరడుగుల ఎత్తున, కదలని నవ్వుతో ఎదురొస్తే రెండేళ్ల పిల్ల తండ్రి కాళ్ల వెనక్కి చేరి ప్యాంటు గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఫోటో కోసం ముందుకు తోయకుండా పదడుగుల దూరంలో నిలబడి, మీరు చెయ్యి ఊపి చూపించండి. ఆ పిల్ల తనంతట తాను కదిలితే సరే, లేకపోతే ఆ ఫోటో లేకపోయినా నష్టం లేదు.

జారుడుబల్ల దగ్గర ప్రేమతో చేసే ఒక పని ప్రమాదం తెస్తుంది. పిల్లవాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని జారితే, వాడి బూటు అంచుకు పట్టుకున్నప్పుడు కాలు అక్కడే ఆగిపోతుంది. పెద్దవాళ్ల బరువు మాత్రం కిందికి తోసుకుపోతుంది. మోకాలి కింది ఎముక విరిగే గాయాలు చిన్నపిల్లల్లో ఇలాగే జరుగుతుంటాయి. ఒంటరిగా జారలేని పిల్లలకు ఆ బల్ల ఇంకా తగదన్నమాట.

నీటి ఆటల్లో లైఫ్‌గార్డు ఉన్నా సరే, పిల్లలు చేతికందేంత దూరంలోనే ఉండాలి. గాలి నింపిన చేతిపట్టీలు ఆటవస్తువులే తప్ప రక్షణ సాధనాలు కావు. ఈత డైపర్లు విరేచనంలోని క్రిములను కొద్ది నిమిషాలకు మించి ఆపలేవు కాబట్టి గంటకోసారి నీళ్లకు దూరంగా తీసుకెళ్లి మార్చాలి. విరేచనాలతో ఉన్న పిల్లలను అసలు దించకూడదు. విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ సరిగ్గా కలిపిన నీటిలో కూడా వారానికి పైగా బతుకుతుంది.

ఎండకు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను బయటికి రావడానికి 15 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మరోసారి రాయాలి. ఆరు నెలల లోపు శిశువులకు సన్‌స్క్రీన్ కన్నా నీడ, పొడుగుచేతుల బట్టలే రక్ష. సంచిలో తాగునీరు, పిల్లలకు అలవాటైన చిరుతిండి, రెండు జతల బట్టలు, తడిగుడ్డలకు ఒక ప్లాస్టిక్ సంచి ఉంటే చాలు.

తప్పిపోవడం గురించి ఉదయమే సిద్ధపడాలి. గేటు దగ్గర ప్రతి పిల్లవాడికీ నిలువెత్తు ఫోటో తీస్తే, ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు కంగారులో గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. మీ ఫోన్ నంబరును చేతిపట్టీ మీదో, చొక్కా లోపలి వైపు మడతలోనో రాయాలి. పిల్లవాడి పేరు బయటికి కనిపించేలా రాస్తే ఆ పేరుతో ఎవరైనా పిలవగలరు. సిబ్బంది యూనిఫామ్‌ను, మెడలోని బ్యాడ్జీని దగ్గరికి తీసుకెళ్లి చూపించి, అమ్మానాన్నలు కనిపించకపోతే కదలకుండా అక్కడే నిలబడి ఇలాంటివాళ్లను పిలవమని చెప్పండి. జనంలో పిల్లలను ఎవరు చూస్తున్నారో పేరుపెట్టి అప్పగించుకోవాలి, ఎందుకంటే నలుగురు పెద్దలు ఉన్నచోట ప్రతి ఒక్కరూ మరొకరు చూస్తున్నారనుకుంటారు. పిల్లవాడు కనిపించని క్షణంలో దగ్గరలో కొలనో కాలువో ఉంటే మొదట అక్కడే చూడాలి. ఒకరు చివరిసారి చూసిన చోటే నిలబడాలి, మరొకరు వెంటనే దగ్గరలోని సిబ్బందికి ఫోటో చూపించాలి. సొంతంగా వెతికి చూసి తర్వాత చెబుదామని ఆగకండి.