ఆర్కెస్ట్రా నుంచి ఒక్క గిటారుకు: సొంత పాట పాడదలచిన వారికి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్లిళ్లకూ, జాతరలకూ, వినాయక చవితి పందిళ్లకూ ఆర్కెస్ట్రాలో పాడి గొంతు పదునెక్కిన గాయకులలో సొంతంగా పాటలు కట్టేవారు కూడా ఉన్నారు. కీబోర్డు, ప్యాడ్లు, బేస్ గిటారు లేకుండా ఆ పాట నిలబడుతుందా అన్న సందేహమే వారిని వెనక్కు లాగుతుంది. తప్పకుండా నిలబడుతుంది, అయితే బృందం కోసం కట్టిన పాటను ఉన్నదున్నట్టుగా తెచ్చి గిటారు మీద పాడితే చాలదు. తాళం పట్టడం, మంద్రస్వరం (కింది స్థాయి స్వరం) నిలపడం, ఖాళీ నింపడం అనే పనులను ఇంతవరకు ఇతరులు చేశారు. ఇకపై వాటిని మీ కుడిచేయీ, మీ మాటలూ పంచుకోవాలి.

ముందుగా శ్రుతిని తేల్చుకోండి. సినిమా పాటలను రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడడం ఆర్కెస్ట్రా అలవాటు కనుక, తమ గొంతుకు ఏది సుఖమో చాలామంది గమనించరు. హార్మోనియం దగ్గర కూర్చుని, మీ పాటలోని అట్టడుగు స్వరమూ, అన్నిటికన్నా పై స్వరమూ శ్రమ లేకుండా పలికే షడ్జమాన్ని, అంటే ఆధారమైన 'స' స్వరాన్ని, వెతకండి. అది ఒకటిన్నర శ్రుతి (సి షార్ప్) అయితే గిటారు మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే బిగింపు) బిగించి సి కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) పట్టులతోనూ, ఐదున్నర (జి షార్ప్) అయితే అదే చోట కేపో ఉంచి జి పట్టులతోనూ వాయించవచ్చు. రెండో శ్రుతి (డి) వారికి మరొక సౌకర్యం ఉంది: అన్నిటికన్నా లావైన తీగను ఇ నుంచి డికి దించితే, లావు తీగలు మూడూ షడ్జమం, పంచమం (ప), షడ్జమంగా మోగి తంబురా లేని లోటును చాలావరకు తీరుస్తాయి.

అసలైన పని నడక దగ్గర ఉంది. విజయనగరంలో నివసించిన గురజాడ అప్పారావు 1910లో ప్రకటించిన ముత్యాల సరం మూడు, నాలుగు మాత్రల (హ్రస్వాక్షరం పలికే కాలం ఒక మాత్ర) గణాలు, అంటే చిన్న తునకలు, ఒకదాని వెంట ఒకటి వచ్చే ఛందస్సు. డ్రమ్ములు లేని గిటారుకు ఇంతకన్నా అనువైన నడక లేదని నా నమ్మకం. "బేగి రమ్మని చెప్పి పోయిన" అన్న పాదాన్ని చేత్తో తాళం వేస్తూ పలికి చూడండి: బేగి మూడు, రమ్మని నాలుగు, చెప్పి మూడు, పోయిన నాలుగు. ప్రతి గణం మొదట్లో బొటనవేలు లావు తీగను మీటాలి. మిగిలిన మాత్రలను మూడు వేళ్లు సన్నని తీగల మీద నింపాలి. మెట్రోనోమ్ (లయను టిక్కుటిక్కుమని చూపే సాధనం) వేగాన్ని బాగా తగ్గించి, వేళ్లను చూడకుండా మాటలు పలకగలిగే వరకు ఈ సాధనను వదలవద్దు. బృందంలో చరణాల నడుమ వాయించిన ఇంటర్లూడ్లను గిటారు మీద అనుకరించే ప్రయత్నం చేయకండి. వాటిని కోసివేసి, అక్కడ ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) పాటు ఉత్త షడ్జమాన్ని మోగనిస్తే తరువాతి చరణంలోని మాట స్పష్టంగా వినబడుతుంది.

1919లో విజయనగరంలో స్థాపించిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు హరికథా పితామహుడు. హరికథకు పక్కవాద్యాలు ఉన్నా, సభను నడిపేది ఒక్క మనిషే. పాటకూ పాటకూ నడుమ ఏమి మాట్లాడాలో ముందే రాసుకుని సాధన చేయవలసిన అవసరాన్ని ఆ సంప్రదాయం నుంచి నేర్చుకోవాలి. తొలి ప్రదర్శనలు గ్రంథాలయంలోనో, కళాశాల తరగతి గదిలోనో, మిత్రుల డాబా మీదనో పెట్టుకోండి. జాతర మైదానంలో ఒంటి గిటారు వినబడదు కనుక అటువంటి పిలుపును ప్రస్తుతానికి మర్యాదగా వదులుకోవడం మంచిది.

రికార్డింగుకు ఖరీదైన స్టూడియో అక్కరలేదు. ఫ్యాను ఆపి, మైకును గిటారు పన్నెండో మెట్టుకు ఎదురుగా జానెడు దూరంలో ఉంచండి. గిటారు రంధ్రానికి సూటిగా పెడితే మంద్రం గుబగుబలాడుతుంది. సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి గనుక వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడవాలి.

విడుదలకు ముందు హక్కుల సంగతి చూసుకోవాలి. బృందంలో ఉండగా పుట్టిన పాట అయితే సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది అన్నది పాత మిత్రులతో కూర్చుని కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. అంటే ఈ కాగితం మీ పిల్లలకూ, వారి పిల్లలకూ కూడా అవసరమవుతుంది.