వానలకు ముందే మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు రాసి పెట్టుకోండి

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు మా బాబాయి వాళ్లు మేడ ఎక్కి కూర్చున్నారు. పడవవాళ్లకు ఫోన్లో "రామాలయం పక్క సందు" అని చెప్పారు. ఆ చుట్టుపక్కల అలాంటి సందులు ఎన్ని! సందు మొగలో ఉన్న కిరాణా కొట్టు బోర్డూ మునిగిపోయింది. పిన్ని లైవ్ లొకేషన్ పంపింది కానీ ముందు నెట్, కాసేపటికి ఛార్జింగ్ పోయాయి. ఆ రోజు పడ్డ టెన్షన్ తర్వాత నేను చుట్టాలందరి చేతా చేయిస్తున్న పని ఇది.

ఎండ ఉన్న రోజు డాబా ఎక్కండి. గది లోపల చూస్తే ఫోన్ పక్క వీధి చూపించవచ్చు. మ్యాప్ తెరిచి, నీలం చుక్క నిలకడ అయ్యాక మీ ఇంటి మీద వేలు నొక్కి పట్టుకోండి. రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మన విజయవాడకు సుమారుగా 16.5, 80.6. పాయింట్ తర్వాత కనీసం నాలుగు అంకెలు రాయండి. రెండే రాస్తే కిలోమీటరు వరకూ తేడా రావచ్చు. నాలుగు రాస్తే పది మీటర్లలోపే, అంటే దాదాపు మీ గేటు దాకా.

వరస మాత్రం మార్చకండి. 80 ముందు రాస్తే మీ ఇల్లు నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. మన రాష్ట్రంలో ఎక్కడైనా చిన్న అంకే ముందు, అది గుర్తుంటే చాలు.

అసలు పొరపాటు నిమిషాల దగ్గర జరుగుతుంది. డిగ్రీకి 60 నిమిషాలు. సింగ్ నగర్ వైపు 16 డిగ్రీల 32 నిమిషాలు, 80 డిగ్రీల 38 నిమిషాలు అని ఎవరైనా చెబితే, దాన్ని 16.32, 80.38 అని రాసేస్తారు. 32ను 60తో భాగిస్తే వచ్చేది .53 కదా! తప్పుగా రాసిన ఆ చోటు గుంటూరు దాటి పడమటి వైపు ఉంటుంది, దాదాపు 35 కిలోమీటర్ల తేడా. పడవ ఇక్కడ కావాలి, మనిషి అక్కడ వెతుకుతాడు. ఆర్కిటిక్ తప్పయితే ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది, ఇది తెలియదు.

రాసుకున్న అంకెల్ని ఊళ్లో ఉన్న అన్నయ్యకో, వదినకో మామూలు మెసేజ్‌గా పంపి, వాళ్ల ఫోన్లో కొట్టి చూడమనండి. మీ ఇల్లే వస్తే సరి. ఇంట్లో మాత్రం కాగితం మీద వద్దు, తడుస్తుంది. డాబా మెట్ల పైన గోడ మీద మార్కర్‌తో రాయండి.

అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసినప్పుడు అంకెలు ఒక్కొక్కటిగా చెప్పి, అవతలివాళ్ల చేత తిరిగి చదివించండి. ఏడుకూ ఆరుకూ లైన్లో తేడా తెలియదు. అక్షాంశ రేఖాంశాలకు అంతస్తులుండవు కాబట్టి "మూడో అంతస్తు, నడవలేని పెద్దావిడ ఉన్నారు" అని కూడా కలపండి.

నెట్ లేకపోయినా ఫోన్ ఉపగ్రహాల నుంచి లొకేషన్ పట్టుకుంటుంది, కాస్త ఆలస్యంగా. మ్యాప్ బొమ్మ రావాలంటే మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఇల్లు మారితే అంకెలూ మార్చండి. బాబాయి వాళ్లు ఈ ఏడాది రెండు సందుల అవతల అద్దెకు దిగారు. మొన్న అడిగితే పిన్ని పాత ఇంటి అంకెలే గడగడా అప్పజెప్పింది.