పాత వాల్‌పేపర్ ఊడదీయడం
మా అమలాపురం వైపు గోడలు చెమ్మ పీలుస్తాయి. అందుకే ఈ పని వానాకాలంలో వద్దు, సంక్రాంతి దాటాక పెట్టుకోండి.

గోడ తడుపుతాం కాబట్టి ముందు కరెంటు మెయిన్ ఆపేయండి. వాల్‌పేపర్ పైన ప్లాస్టిక్ పొర ఉంటే నీళ్లు లోపలికి ఇంకవు. మూల దగ్గర గోరుతో లేపి, ఆ పొరను మెల్లగా లాగేయండి. మిగిలిన కాగితం మీద గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపిన వేడినీళ్లు స్ప్రే చేసి, పావుగంట ఆగండి. దయచేసి తొందరపడి గీకకండి, కింద లప్పం కూడా పెచ్చులుగా వచ్చేస్తుంది. నానాక లప్పం రేకును గోడకు దాదాపు ఆనించి తోయండి. రాకపోతే మళ్లీ తడపడమే. జిగురు మిగలకుండా స్పాంజితో కడగాలి, లేకపోతే కొత్త రంగు నిలవదు.

నల్లటి బూజు కనిపిస్తే మాస్కు పెట్టుకోండి. మా పెద్దమ్మగారింట్లో కిటికీ కింద చెమ్మ ఎంతకీ పోలేదు. బయటి గోడ పగుళ్లు పూడ్పించి, బాగా ఆరాకే లప్పం పెట్టించాం.