గుండెల్లో మంట ఎప్పుడు వస్తోంది? వేళను బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

మన గోదావరి జిల్లాల్లో ఛాతీ నుంచి బొడ్డు దాకా ఎక్కడ ఇబ్బంది కలిగినా “గ్యాస్ పట్టేసింది” అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము. రొమ్ము ఎముక వెనక మంట పుట్టినా, గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకొచ్చినా, కడుపు ఉబ్బరించినా, చివరికి అసలైన గుండెనొప్పే వచ్చినా అన్నీ ఆ మాటలోనే కలిసిపోతాయి. అన్నింటికీ మందుల షాపులో దొరికే ఒకే గ్యాస్ బిళ్ళ మందవుతుంది. కారణాలు వేరైనప్పుడు మందు ఒకటి కావడం కుదరదు. అందుకే మంట ఎంత ఉందన్నదాని కన్నా అది ఏ వేళలో, ఏ భంగిమలో, ఏం చేస్తుండగా వస్తోందన్నది ముందు గమనించమని కోరుతున్నాను.

నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే మంట

మిగతావాటికన్నా ముందు దీని గురించి చెప్పాలి. మా పెదనాన్నగారికి పొలం నుంచి వస్తూ కాలువ గట్టు ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు, మండినట్టు ఉండేది. కాసేపు తూము మీద కూర్చుంటే ఒక త్రేన్పు వచ్చి తేలికపడేది. త్రేన్పుతో తగ్గింది కాబట్టి అది గ్యాసేనని ఇంటిల్లిపాదీ నమ్మి రెండు నెలల పాటు ఆయనకు ఈనో కలిపి ఇచ్చాము. ఆ బాధను తగ్గించింది త్రేన్పు కాదనీ, కూర్చోవడమనీ గుండె రక్తనాళంలో పూడిక బయటపడిన తరువాత గాని మాకు అర్థం కాలేదు.

శ్రమ చేసినప్పుడు వచ్చి విశ్రాంతితో తగ్గే ఛాతీ బాధను గుండెదిగానే భావించి వెంటనే ఈసీజీ తీయించుకోవాలి. విశ్రాంతిగా ఉన్నా బరువు పెట్టినట్టుండే నొప్పి, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అదే క్షణం 108కి ఫోన్ చేయాలి. మధుమేహం ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ, వయసు మళ్లినవారిలోనూ గుండెపోటు ఒక్కోసారి పై పొట్టలో మంటగా, వికారంగా మాత్రమే కనిపిస్తుంది. “ముందు గ్యాస్ బిళ్ళ వేసి చూద్దాం” అనుకోవడం చాలా ప్రమాదకరం, ఎందుకంటే బిళ్ళతో కొంచెం తేలికపడినంత మాత్రాన అది గుండెపోటు కాదని రుజువు కాదు.

అసలు మంట ఎలా పుడుతుంది

గొంతు నుంచి జీర్ణాశయానికి వెళ్లే అన్నవాహిక చివర ఒక కండరపు బిగింపు ఉంటుంది. అది ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, దిగాక బిగుసుకోవాలి. జీర్ణాశయంలోని ఆమ్లం నిమ్మరసమంత, ఒక్కోసారి అంతకన్నా ఘాటుగా ఉంటుంది. దాన్ని తట్టుకునే పూత జీర్ణాశయం గోడకు ఉంది గాని అన్నవాహికకు లేదు. బిగింపు వదులైనా, కింది నుంచి ఒత్తిడి పెరిగినా ఆమ్లం పైకి వచ్చి అక్కడ మండుతుంది. ఒక్కోసారి మంట లేకుండానే గొంతు బొంగురు, రాత్రి పొడి దగ్గు, ఉదయం నోటిలో పులుపు మాత్రమే తెలుస్తాయి. చాలామందిలో లోపం ఆమ్లం ఎక్కువ కావడంలో లేదు, అది ఉండవలసిన చోట ఉండకపోవడంలో ఉంది.

విందు తరువాత వచ్చే మంట

సంక్రాంతికి అల్లుడికి వడ్డించే విస్తరిని ఒకసారి చూడండి: నేతిలో తేలే బూరెలు, గారెలు, కోడికూర, రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర, ఆపైన పూతరేకులు, మడత కాజా. వీటిలో ఏ ఒక్కటీ తనంత తాను దోషి కాదు. కొవ్వు ఎక్కువైన తిండి జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది, నిండిన పొట్ట సాగి బిగింపును వదులు చేస్తుంది. కాబట్టి మోతాదే ముఖ్యమైన కారణం. వరదనీటి కాలంలో మరునాటికి ఊరిన పులస పులుసును ఆశగా తిన్నవారికి చింతపండు పులుపు కూడా తోడవుతుంది.

తినేది రెండు పూటలకు విడదీయడం దీనికి పరిష్కారం. నేతి వంటలను మధ్యాహ్నానికి ఉంచి, రాత్రికి తేలికగా తినాలి. ఇక మనం అరుగుదల కోసమని చేసే పనులే కొన్ని మంటను పెంచుతాయి. భోజనం కాగానే తాగే నిమ్మకాయ సోడా పొట్టను ఉబ్బించి, త్రేన్పుతో పాటు ఆమ్లాన్నీ పైకి తెస్తుంది. పిప్పరమెంటు, పొగాకు వేసిన కిళ్ళీ, చుట్ట, బీడీ, మద్యం బిగింపును వదులు చేస్తాయి. చల్లని పాలు కాసేపు హాయిగా అనిపించినా, తరువాత ఆమ్లం మరింతగా ఊరవచ్చు. వీటన్నిటికన్నా పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవడం మేలు.

కారం, ఆవకాయ పూర్తిగా మానేయాలా అని అడుగుతారు. అందరూ మానక్కర్లేదు. రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు మండిందో ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే మీ ఒంటికి పడనిది మీకే తెలుస్తుంది. దాన్ని మాత్రం మానండి.

పడుకున్నాక వచ్చే మంట

ఇది నిర్లక్ష్యం చేయకూడని రకం. నిలబడి ఉన్నప్పుడు ఆమ్లం బరువుకు కిందికి జారుతుంది, మింగిన లాలాజలం దాన్ని కడిగేస్తుంది. నిద్రలో ఈ రెండూ ఉండవు, కనుక పైకి వచ్చిన ఆమ్లం అన్నవాహికలో చాలాసేపు నిలిచిపోయి పుండు పెడుతుంది. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవారు రాత్రి పది దాటాక భోంచేసి, పాకలో మంచం మీద వాలి, మధ్యలో లేచి టీ, బీడీ తాగి మళ్లీ పడుకుంటారు. మంట రావడానికి కావలసినవన్నీ ఆ ఒక్క రాత్రిలోనే ఉన్నాయి.

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఎడం ఉంచడం మొదటి మార్గం. డ్యూటీ వల్ల అది కుదరకపోతే సాయంత్రం ఆరుకే కడుపునిండా తిని, రాత్రికి కొద్దిగా పెరుగన్నమో రెండు ఇడ్లీలో తీసుకోవచ్చు. రెండవది మంచం తలవైపు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయడం. మా ఇంట్లో అమ్మ మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కోదానికి రెండేసి ఇటుకలు పడుకోబెట్టి పేర్చాము, జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు వాటి మీద పరిచాము. దిండ్లు పెంచుకుంటే మాత్రం పని జరగదు. అప్పుడు మెడ, నడుము దగ్గర ఒళ్ళు మడతపడి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. సాగిపోయిన నవారు మంచంలోనూ ఇదే ఇబ్బంది ఉంటుంది కాబట్టి నవారు బిగించాకే ఇటుకలు పెట్టండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక కన్నా దిగువన ఉంటుంది గనుక కుడి పక్క కన్నా సుఖంగా ఉంటుంది.

వంగినప్పుడు వచ్చే మంట

సార్వా, దాళ్వా నాట్ల రోజుల్లో ఆడవాళ్లు తెల్లవారుజామునే చద్దన్నం తిని, అరగంటలో చేలోకి దిగి గంటల తరబడి వంగి ఉంటారు. నిండు పొట్ట మడతపడితే ఆమ్లం గొంతు దాకా వస్తుంది. చీర కింద లంగా బొందు బిగుతుగా ఉంటే ఒత్తిడి రెట్టింపవుతుంది. మగవారికి బెల్టు, మొలకట్టు సంగతీ అంతే. బొందు వదులు చేసుకుని, ఉదయం సగమే తిని, మిగతాది పని ఆపే వేళకు ఉంచుకుంటే చాలామందికి మార్పు తెలుస్తుంది. పొట్ట పెరిగినవారికి కూడా కారణం ఇదే, కాబట్టి నాలుగైదు కిలోలు తగ్గినా మంట తగ్గుతుంది. గర్భిణులకు నెలలు నిండేకొద్దీ ఇలాగే ఉంటుంది, కాన్పు తరువాత సాధారణంగా పోతుంది. వారు వైద్యుణ్ణి అడగకుండా ఏ బిళ్ళా వేసుకోకూడదు.

పరగడుపున మంట, ఏదైనా తింటే ఉపశమనం

ఇది ఆమ్లం ఎగదన్నడం కాకపోవచ్చు, కడుపులో పుండు కావచ్చు. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్ళలను రోజూ వాడటం ఇందుకు ఒక పెద్ద కారణం, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి మరొకటి. ఈ సూక్ష్మజీవిని కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షలో అది తేలితే యాంటీబయాటిక్స్‌తో నయం చేయవచ్చు. గ్యాస్ బిళ్ళ ఒక్కటే వేస్తే నొప్పి అణుగుతుందే తప్ప సూక్ష్మజీవి పోదు.

మందు పనిచేయడం లేదంటే

జెల్యూసిల్, డైజీన్ వంటి యాంటాసిడ్‌లు నిమిషాల్లో పనిచేస్తాయి, త్వరగానే దిగిపోతాయి. అప్పుడప్పుడు వచ్చే మంటకు అవి చాలు. ఈనోలో సోడియం ఎక్కువ కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు దాన్ని అలవాటు చేసుకోకూడదు. థైరాయిడ్, ఐరన్ బిళ్ళలు వాడేవారు యాంటాసిడ్‌కూ వాటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి.

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ అలా కాదు. ఇవి ఆమ్లాన్ని ఊరించే వ్యవస్థనే ఆపుతాయి, అది తిండి పడినప్పుడే చురుకవుతుంది. కాబట్టి బిళ్ళను టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. పెసరట్టు తిన్నాక వేసుకుని పనిచేయలేదంటే దోషం మందుది కాదు. పూర్తి ప్రభావానికి కొన్ని రోజులు పడుతుంది, సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడమంటారు. ఏళ్ల తరబడి సొంతంగా వాడేవారిలో బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఒక్కసారిగా మానితే కొన్నాళ్లు మంట మరింతగా తిరగబెట్టవచ్చు కాబట్టి వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్‌ను అడగకుండా కలపకూడదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వంటి బిళ్ళలు కూడా బిగింపును వదులు చేయవచ్చు. వాటిని మీరే మానకండి, మంట సంగతి రాసిచ్చిన వైద్యునికి చెప్పండి.

ముద్ద గొంతులో ఆగిపోవడం, తారులాంటి నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత వీటిలో ఏదున్నా బిళ్ళలు మార్చుకుంటూ కూర్చోకండి. రక్తం పడినా, విరేచనం నల్లగా వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ లక్షణాలున్నవారికీ, సరిగ్గా మందు వాడినా రెండు నెలల్లో మంట తగ్గనివారికీ ఎండోస్కోపీ, అంటే నోటిలోంచి సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష, అవసరం. ఆ గొట్టమంటే భయపడి వాయిదా వేసేవారు ఎక్కువ. గొంతుకు స్ప్రే కొట్టి, కొన్ని నిమిషాల్లో ముగించే పరీక్ష అది. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరంలో చేస్తారు. ముందు రోజు రాత్రి భోజనం తరువాత ఏమీ తినకుండా ఉదయాన్నే వెళ్లాలి. మంట రాసుకున్న పుస్తకాన్నీ, ఇంట్లో వాడే బిళ్ళల అట్టలన్నిటినీ వెంట తీసుకెళ్లండి.