ఏ జాన్ ఆడమ్స్? ఒకే పేరున్న చారిత్రక వ్యక్తులను విడదీసి గుర్తించడం ఎలా

చరిత్ర పుస్తకాల చివర్లో ఉండే పేర్ల సూచికలు తయారుచేయడం నా పని. ఎవరి పేరు ఏ పేజీలో వచ్చిందో చూసి, అక్షర క్రమంలో పేర్చాలి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు తగిలినప్పుడే అసలు కష్టం మొదలవుతుంది. అక్కడ తొందరపడితే ఒకరు చేసిన పని ఇంకొకరి ఖాతాలో పడిపోతుంది. అలా జరిగినప్పుడు నష్టపోయేది దాదాపు ఎప్పుడూ పెద్దగా పేరు లేని మనిషే. పోయినవాళ్లు వచ్చి సరిదిద్దుకోలేరు కాబట్టి ఆ జాగ్రత్త మనమే పడాలి. వ్యాసాలు రాసేవాళ్లకూ, క్విజ్ ప్రశ్నలు తయారుచేసేవాళ్లకూ కూడా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందుగా ఒక కాగితం మీద పేరు రాసి, దాని కింద ఒక్కో మనిషికి ఒక్కో వరుస కేటాయించండి. పుట్టిన ఏడు, పోయిన ఏడు, బతికిన చోటు, చేసిన పని, వాడిన వేరే పేర్లు. మనిషి ఎవరో తేలేదాకా ఏ సమాచారాన్నీ ఏ వరుసలోనూ వేయకండి. జాన్ ఆడమ్స్ పేరుతో చేసి చూపిస్తాను, రాగల చిక్కులు చాలావరకు ఇందులోనే ఉన్నాయి.

మొదటి వరుస అమెరికా రెండో అధ్యక్షుడిది, 1735–1826. రెండోది ఆయన కొడుకు, ఆరో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్, 1767–1848. మూడోది ఇంగ్లండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త జాన్ కూచ్ ఆడమ్స్, 1819–1892. నెప్ట్యూన్ గ్రహం 1846లో టెలిస్కోపుకు చిక్కకముందే అది ఎక్కడుండాలో లెక్కకట్టినవాళ్లలో ఈయన ఒకరు. నాలుగోది బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో తిరుగుబాటు చేసిన నావికుడిది. ఆ తర్వాత ఇద్దరు అమెరికన్ సంగీతకర్తలు: 1947లో పుట్టిన జాన్ ఆడమ్స్, 1953లో పుట్టిన జాన్ లూథర్ ఆడమ్స్. ఇద్దరికీ సంగీతంలో పులిట్జర్ బహుమతి వచ్చింది, మొదటాయనకు 2003లో, రెండో ఆయనకు 2014లో. "పులిట్జర్ అందుకున్న సంగీతకర్త ఆడమ్స్" అని రాస్తే ఎవరో తేలదు. బహుమతి ఏడాది కూడా రాయాల్సిందే.

ఇప్పుడు మీ దగ్గరున్న వాక్యాన్ని ఈ వరుసల పక్కన పెట్టండి. 1825 చివర్లో రాసిన ఒక ఉత్తరంలో "ప్రెసిడెంట్ ఆడమ్స్" అని ఉందనుకుందాం. అప్పుడు పదవిలో ఉన్నది కొడుకు. కానీ తండ్రి 1826 జూలై 4 దాకా బతికే ఉన్నారు, మాజీ అధ్యక్షులను ఆ పదవి పేరుతోనే పిలిచే అలవాటూ ఉంది. కాబట్టి ఏడాది ఒక్కటే చాలదు. ఉత్తరం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది, అందులో ప్రభుత్వ వ్యవహారం ఉందా, వృద్ధుడి ఆరోగ్యం గురించి ఉందా అని చూడాలి. అసలు ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఈ భాగమే.

ఫొటోల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఫొటోలు తీసే తొలి పద్ధతుల్లో ఒకటైన డాగెరోటైప్ లోకానికి తెలిసింది 1839లో. తండ్రి అప్పటికి పోయి పదమూడేళ్లు. అందువల్ల "అధ్యక్షుడు ఆడమ్స్ ఫొటో" అని ఎక్కడైనా కనిపిస్తే అది తండ్రిది కాదు. కొడుకు 1843లో దిగిన ఫొటో ఉంది. సెర్చ్‌లో ముందు వచ్చిన బొమ్మను తెచ్చి అతికించేముందు, ఆ మనిషి ఫొటో తీయించుకునే కాలం వరకు బతికారా అని ఒక్కసారి లెక్కచూసుకోండి.

ఇక నావికుడు. నాకు తెలిసిన చిక్కుముళ్లలో ఇది చాలా గట్టిది. 1789లో బౌంటీ ఓడ మీద తిరుగుబాటు జరిగినప్పుడు ఓడ సిబ్బంది పట్టీలో ఆయన పేరు అలెగ్జాండర్ స్మిత్. ఆ తర్వాత కొందరితో కలిసి దక్షిణ పసిఫిక్ సముద్రంలోని పిట్‌కెయిర్న్ దీవికి చేరి అక్కడే ఉండిపోయారు. 1808లో ఒక అమెరికన్ ఓడ ఆ దీవి దగ్గరికి వచ్చేసరికి, వెళ్లిన తిరుగుబాటుదారుల్లో బతికున్నది ఈయన ఒక్కరే. తర్వాతి రికార్డుల్లో జాన్ ఆడమ్స్‌గా కనిపిస్తారు. 1829లో చనిపోయారు. ఆ దీవిలోని ఊరు ఆడమ్స్‌టౌన్‌కు ఈయన పేరే పెట్టారు. ఓడ పట్టీ ఒక్కటే చూసినవాళ్లకు జాన్ ఆడమ్స్ అసలు దొరకరు, దీవి చరిత్ర ఒక్కటే చూసినవాళ్లకు స్మిత్ ఏమయ్యాడో తెలియదు. అందుకే "వేరే పేర్లు" అనే గడిని ఖాళీగా వదిలేయకండి.

అంటే పొరపాటు రెండు వైపులా జరగొచ్చు. ఇద్దరిని ఒకరిగా కలిపేయడం ఒకటి, ఒకరిని ఇద్దరుగా చీల్చడం ఇంకొకటి. రెండో అధ్యక్షుడి పుట్టినరోజు ఒకచోట 1735 అక్టోబరు 19 అనీ, ఇంకోచోట అక్టోబరు 30 అనీ ఉంటుంది. మనిషి ఒక్కరే. బ్రిటన్, దాని వలసలు 1752లో పాత క్యాలెండరు వదిలి కొత్తది తీసుకున్నాయి, ఆ పదకొండు రోజుల తేడా ఇది. తేదీ తేడా ఉందని వెంటనే కొత్త వరుస తెరవకండి.

వృత్తిని బట్టి విడదీయవచ్చని చాలామంది అనుకుంటారు. విన్‌స్టన్ చర్చిల్ దగ్గర ఆ పప్పులుడకవు. బ్రిటిష్ ప్రధాని 1874లో పుట్టారు. అదే పేరుతో 1871లో పుట్టిన అమెరికన్ నవలా రచయిత ఉన్నారు. ఇద్దరూ పుస్తకాలు రాశారు, ఇద్దరూ రాజకీయాల్లో ఉన్నారు, ఇద్దరూ బొమ్మలు వేశారు. 1899లో వాళ్లిద్దరే ఉత్తరాలు రాసుకుని సంగతి తేల్చుకున్నారు. బ్రిటిష్ చర్చిల్ తన పుస్తకాల మీద పేరు మధ్యలో స్పెన్సర్ చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ కాలపు పుస్తకం దొరికితే అట్ట కాకుండా లోపలి పేజీలో పేరు పూర్తిగా ఎలా ఉందో చూడండి.

మన దేశపు గణిత శాస్త్రవేత్తలైన ఇద్దరు భాస్కరుల విషయంలో చిక్కు ఇంకో రకం. మొదటి భాస్కరుడు, రెండవ భాస్కరుడు అనే అంకెలు తర్వాతి చరిత్రకారులు పెట్టినవే. మొదటి ఆయన ఆర్యభటుడి గ్రంథం ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసింది 629లో. రెండో ఆయన తాను శక సంవత్సరం 1036లో పుట్టానని, ముప్పై ఆరో ఏట సిద్ధాంత శిరోమణి రాశానని శ్లోకంలో తానే చెప్పారు. శక సంవత్సరానికి 78 కలిపితే 1114లో పుట్టుక, 1150లో గ్రంథం. మధ్యలో ఐదు వందల ఏళ్లకు పైగా తేడా. అయినా "భాస్కరుడు కనిపెట్టాడు" అని ఒక్క ముక్కలో రాసేసి, ఇద్దరి గణితాన్నీ ఒకే కుప్పలో పోసేవాళ్లు ఉన్నారు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. సైన్ విలువలకు దగ్గరి లెక్క చెప్పే ఆ చక్కటి సూత్రం మొదటి భాస్కరుడిది. అది ఆయనకే దక్కాలి. మూలగ్రంథం పేరు రాస్తే ఈ గొడవ ఉండదు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఇంగ్లిషులో ఐ అక్షరంతో రాసే స్మిత్, వై అక్షరంతో రాసే స్మిత్ మన లిపిలో ఒకేలా కనిపిస్తారు. మీ కాగితం మీద మూల స్పెల్లింగు కూడా రాసిపెట్టుకోండి.

వికీపీడియాలో ఒకే పేరున్నవాళ్లను వరుసగా చూపే అయోమయ నివృత్తి పేజీలు మొదటి జాబితాకు బాగా ఉపయోగపడతాయి, కానీ పేజీ లేని మనుషులు వాటిలో ఉండకపోవచ్చు. వికీపీడియాకు తోడుగా ఉండే సమాచార భండారం వికీడేటాలో ఒక్కో మనిషికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. రచయితలు, కళాకారులకైతే ఐఎస్‌ఎన్‌ఐ అనే పదహారు అంకెల గుర్తింపు ఉంటుంది. దొరికిన నంబరును వరుస పక్కన వేసుకుంటే, మళ్లీ చూసినప్పుడు వెతుకులాట తగ్గుతుంది.

చివరికి సూచికలో ఎక్కించేది ఇలా ఉంటుంది: ఆడమ్స్, జాన్ (1735–1826), అమెరికా రెండో అధ్యక్షుడు. ఆడమ్స్, జాన్ (మరణం 1829), బౌంటీ నావికుడు. అలెగ్జాండర్ స్మిత్ పేరు కూడా చూడండి. ఎంత వెతికినా తేలని పేరును పక్కనున్న ప్రసిద్ధుడికి అంటగట్టకుండా, "ఆడమ్స్, జాన్ (1820 నాటి ఉత్తరంలో పేర్కొన్న వ్యక్తి)" అని విడిగానే ఉంచండి.